ఏడో నంబరుకు నేను రాసిన ముగింపు

కొత్తగా డిగ్రీ కాలేజీలో తెలుగు చెప్పబోయే పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగి, బిస్కెట్లు తిని, "మేడం, మీ అనుభవం జర చెప్పుండ్రి" అంటారు. అనుభవం అంటే వాళ్ళ ఉద్దేశం, క్లాసును నిశ్శబ్దంగా ఎలా ఉంచాలి అని. ముప్పై ఏళ్ళలో నా క్లాసు నిశ్శబ్దంగా ఉన్నప్పుడల్లా పిల్లలు నిద్రపోతున్నారని అర్థం. కాబట్టి ఆ విద్య నా దగ్గర లేదు.

ప్రమోషన్లు, బదిలీలు, సన్మానపు శాలువాలు, వీటి గురించి రాయను. శాలువాలన్నీ పరుపుల కింద పరిచేశాను. ఒక్క కథ గురించి రాస్తాను. దాన్ని నేను పాఠంగా చెప్పిన పద్ధతి చూస్తే ఎవరూ నాకు ఉద్యోగం ఇవ్వరు. రిటైరయ్యాను కనుక ధైర్యంగా రాస్తున్నాను.

నా పేరు ఎస్తేరు. మంచిర్యాల పక్కన నస్పూర్‌లో పుట్టాను. మా బాపు బొగ్గుగనిలో, మా మాటలో బొగ్గుబాయిలో, పనిచేసి రిటైరయ్యాడు, ఇప్పుడు నాతోనే ఉంటాడు. ఆదివారం మెథడిస్టు చర్చిలో ముందు వరుసలో కూర్చునే కుటుంబం మాది. చర్చిలో లేచి నిలబడి సాక్ష్యం చెప్పడం మాకు అలవాటే. కాకపోతే అక్కడ ఎప్పుడో మానేసిన తప్పుల గురించే చెబుతాం. ఇక్కడ చెప్పబోయే తప్పు మానేసి పెద్దగా కాలం కాలేదు.

సిలబస్‌లోకి మరమనిషి

నా సర్వీసు చివర్లో విశ్వవిద్యాలయం వాళ్ళు సిలబస్ మార్చారు. బి.ఏ. చివరి సెమిస్టరు తెలుగులో ఒక యూనిట్ మొత్తం సైన్స్ ఫిక్షన్ కథలు పెట్టారు. నాలుగు కథలు. ఒకటి చంద్రుడి మీద ఊరు కట్టడం, ఒకటి వానను సీసాల్లో అమ్మడం, ఒకటి ముసలితనం రాకుండా మందు. నాలుగోది 'ఏడో నంబరు'. రచయిత పేరు చెప్పను. ఆయనకు నేను చేసిన అన్యాయం చాలు, మళ్ళీ ఇందులోకి లాగడం దేనికి?

ఆ ఉత్తర్వు వచ్చిన రోజు కరీంనగర్‌లో తెలుగు అధ్యాపకుల సమావేశం జరిగింది. మొహాలన్నీ వాడిపోయి ఉన్నాయి. "ప్రబంధం చెప్పుమంటె చెప్తం, శతకం చెప్పుమంటె చెప్తం. గీ మరమనుషుల కథలకు ఏం ప్రతిపదార్థం రాయాలె?" అని ఒక పెద్దాయన గొణిగాడు. సిలబస్ పెట్టిన మూర్తి సార్ వేదిక మీద ఉన్నాడు. ఆయనే పరీక్షలకు చీఫ్ ఎగ్జామినర్ కూడా. "ఈ కథలు ఎవరన్నా చదివిండ్రా?" అని అడిగాడు.

హాలంతా నేల చూపులు. నేను ఊరుకోవచ్చు కదా! లేచి నిలబడ్డాను. "'ఏడో నంబరు' నేను చిన్నప్పుడే చదివిన సార్" అన్నాను. అందరూ వెనక్కి తిరిగి చూశారు. చెప్పొద్దూ, నాకు చాలా హాయిగా అనిపించింది.

నా మాటలో సగం నిజం. మా కార్మికుల కాలనీ క్లబ్బులో ఒక పాత పత్రికలో ఆ కథ చదివాను. బొగ్గుబాయిలోకి లచ్చయ్య అనే ముసలి కార్మికుడి బదులు ఒక మరమనిషిని దింపుతారు. దానికి పేరు లేదు, ఏడో నంబరు అంటారు. తన పని పోగొట్టిందని లచ్చయ్యకు అదంటే కడుపుమంట. ఒకరోజు బాయి లోపల కప్పు కూలుతుంది. ఏడో నంబరు లోపలే చిక్కుకుంటుంది. అంతే. ఆ తర్వాతి పేజీని మిర్చి బజ్జీలు కట్టుకోవడానికి ఎవరో చింపేశారు.

అంటే నేను చదివింది కథలో మూడొంతులు, మిగిలింది బజ్జీ తిన్నవాడికే తెలియాలి.

అనుభవజ్ఞులైన అధ్యాపక బృందం

పాఠ్యపుస్తకం అచ్చు కాలేదు. సెమిస్టరు మొదలైంది. అప్పుడు శంకర్ వచ్చాడు. నా పాత విద్యార్థే, మంచిర్యాల బస్టాండు దగ్గర పుస్తకాల షాపు. గైడ్లు కూడా అచ్చు వేస్తాడు.

"మేడం, గైడు మీరే రాయాలె. మూడు కథలు ఎట్లనో దొరికినయ్. నాలుగోది మాత్రం ఏడా దొరుకుతలేదు. మీరు చదివిండ్రట గద, సార్లందరు చెప్పుకుంటుండ్రు."

"చదివిన" అన్నాను.

అక్కడ ఆగినా బాగుండేది. "మొత్తం యాదికున్నదా మేడం?" అని వాడు అడిగాడు. "నాకెందుకు యాదికుండదురా?" అని కసిరాను కూడా. వాడు బెదిరిపోయి దండం పెట్టి వెళ్ళాడు.

ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చి, అన్నం తిని, 'ఏడో నంబరు'కు ముగింపు రాశాను. లచ్చయ్య పగ మరిచిపోతాడు. కూలిన బాయిలోకి ఒంటరిగా దిగుతాడు. మరమనిషిని భుజాన వేసుకుని బయటికి తెచ్చి, బాయి గుమ్మం దగ్గర ప్రాణం విడుస్తాడు. అప్పుడు ఆ మరమనిషి ఇనుప కంటి నుంచి ఒక నూనె చుక్క రాలుతుంది. 'యంత్రానికి సైతం కన్నీరు నేర్పినది మానవత్వమే' అని సందేశం. రాసి నేనే చదువుకుని కళ్ళు తుడుచుకున్నాను. ఇంత బాగా వస్తుందని అనుకోలేదు.

గైడు మీద నా పేరు వేయవద్దన్నాను. 'అనుభవజ్ఞులైన అధ్యాపక బృందం' అని వేశాడు. కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా, ఇటు కాగజ్‌నగర్ దాకా ఆ గైడే పోయింది. ఇంకో గైడు లేదు మరి. నాలుగో కథ ఇంకెవరికీ దొరకలేదు. మిగతా గైడ్లవాళ్ళు నాలాగా బరితెగించలేదు.

కొత్తగా వచ్చేవాళ్ళకు ఒక మాట. చదవని పుస్తకం గురించి మాట్లాడటం మన వృత్తిలో పెద్ద నేరమేమీ కాదు, అందరూ చేస్తారు. చదవలేదని ఒప్పుకోవడానికి ఒక నిమిషం సరిపోతుంది. ఆ నిమిషం జారిపోతే మాత్రం మళ్ళీ దొరకదు. తర్వాత ప్రతి అబద్ధానికీ ఇంకో అబద్ధాన్ని కాపలా పెట్టుకుంటూ పోవాలి.

క్లాసులో

పాఠం బ్రహ్మాండంగా చెప్పాను. నాకు ఒక ఊతపదం ఉండేది. కథలో మంచి ఘట్టం రాగానే "ఇక్కడ రచయిత మన చెయ్యి పట్టుకుంటాడు" అనేదాన్ని. పిల్లలు నా వెనక "ఇగో, ఇక్కడ మేడం మన చెయ్యి పట్టుకుంటది" అని వెక్కిరించేవాళ్ళు. నాకు తెలుసు. తెలిసీ మానలేదు, పేరుమోసిన మాట ఎవరు వదులుకుంటారు?

లచ్చయ్య చనిపోయే చోట వెనక బెంచీ పిల్లలు కూడా ఫోన్లు పక్కన పెట్టారు. నూనె చుక్క రాలగానే ఒకమ్మాయి కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆ సంతోషంలో నేనుండగా రెండో బెంచీలోంచి రజిత లేచింది.

రజితది చెన్నూరు. రోజూ బస్సులో వచ్చిపోయేది. వాళ్ళ బాపు దుబాయిలో ఉన్నాడు, అమ్మ బీడీలు చేస్తుంది. నోట్సు తీసుకునేటప్పుడు తల వంచదు, మన మొహం వైపే చూస్తూ రాస్తుంది. అలాంటి పిల్లలంటే అధ్యాపకులకు కొంచెం భయం.

"మేడం, అసలు కథ ఏడ దొరుకుతది?"

"ఎందుకు?"

"చదువుదామని."

"గైడ్ల ఉన్నది చాలు. పరీక్షల గదే వస్తది."

"గైడ్ల కథ లేదు మేడం, కథ గురించి ఉన్నది."

క్లాసు కిసుక్కుమంది. "కూసో" అన్నాను. కూర్చుంది. కానీ నా మొహం వైపే చూస్తూ కూర్చుంది.

ఎర్ర పెన్ను

సెమిస్టరు పరీక్షలైనాయి. కరీంనగర్‌లో స్పాట్ వాల్యుయేషన్. స్పాట్ అంటే తెలియని వాళ్ళకు చెబుతాను. ఒక పెద్ద హాలు, బెంచీల మీద జవాబు పత్రాల కట్టలు, ఎవరి పత్రమో తెలియకుండా పేరు దాచిన కోడ్ నంబర్లు, మధ్యలో సమోసాలు. 'ఏడో నంబరు ముగింపును, సందేశాన్ని వివరించండి' అనేది పెద్ద ప్రశ్న. దానికి మూర్తి సార్ ఇచ్చిన జవాబుల కీ చూసి నాకు నవ్వాగలేదు. ఆయన నా గైడునే కాపీ చేశాడు, నూనె చుక్కతో సహా.

పత్రాలన్నీ నా ముగింపుతో కళకళలాడుతున్నాయి. కొందరు నూనె చుక్కను డీజిల్ చేశారు. ఒకడు గ్రీజు అన్నాడు. ఇంకొకడు ఇంట్లో ఏం చూశాడో ఏమో, పల్లినూనె అని రాశాడు. వాడికి ఒక మార్కు ఎక్కువే వేశాను.

మధ్యలో ఒక పత్రం వచ్చింది. అందులో ఇలా ఉంది: 'లోపల ఎంతమంది ఉన్నారని అధికారి అడిగాడు. బోర్డు మీద ఒక్క బిళ్ళ కూడా లేదు కనుక ఎవరూ లేరని గుమాస్తా చెప్పాడు. ఏడో నంబరు మనిషి కాదని దానికి బిళ్ళ ఇవ్వలేదు. అప్పుడు లచ్చయ్య తన జేబులోని బిళ్ళను ఎవరూ చూడకుండా బోర్డుకు తగిలించి, వెనకదారిన ఇంటికి పోయి వడ్ల గుమ్మి చాటున దాక్కున్నాడు. ఒక మనిషి లోపల ఉన్నాడని సైరన్ మోగింది. జనం దిగారు.'

పకపకా నవ్వాను. "జర గిది వినుండ్రి సార్. లచ్చయ్య గుమ్మి చాటుకు దాక్కున్నడట!" అని పక్క బెంచీలకు చదివి వినిపించాను. అందరూ నవ్వారు. "గైడు సుత కొనలే పాపం" అన్నారెవరో. నిజం చెప్పాలంటే నవ్వాక ఒక్క క్షణం నా పెన్ను ఆగింది. బిళ్ళ, బోర్డు, సైరన్... బాయి పనివాడి బిడ్డను, నాకు తట్టాలి. కానీ ఇంకా కట్ట సగం ఉంది, సమోసాలు వస్తున్నాయి. ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, పక్కన 'కథ చదవలేదు' అని రాశాను.

కథ చదివిన ఒకే ఒక్క విద్యార్థి పత్రం మీద, కథ చదవని నేను రాసిన మాట అది.

రజిత వచ్చింది

ఫలితాలొచ్చాక ఒక మధ్యాహ్నం రజిత డిపార్టుమెంటు గదికి వచ్చింది. చేతిలో దుమ్ము పట్టిన లావుపాటి బైండు పుస్తకం, దాని మీద జిరాక్సు కాగితాలు.

"మేడం, తెలుగుల ఫెయిలైన."

నమ్మలేకపోయాను. ఎం.ఏ. ప్రవేశ పరీక్షలో ఆ పిల్లకు మంచి ర్యాంకు వచ్చింది. ఇంకో పది రోజుల్లో కౌన్సెలింగు. డిగ్రీ మెమో చూపించకపోతే సీటు పోతుంది. "సీటు పోతే మా మేనమామ జిరాక్సు షాపుల కూసోవాలె. బాపు ఫోన్ల గదే అన్నడు" అంది. ఆ మాట ఏడుస్తూ చెప్పలేదు, బస్సు టైము చెప్పినట్టు చెప్పింది. అది నాకు ఇంకా కష్టంగా తోచింది.

దరఖాస్తు పెట్టి తెప్పించుకున్న తన జవాబు పత్రం జిరాక్సు నా ముందు పెట్టింది. పేజీ తిప్పగానే గుమ్మి చాటున దాక్కున్న లచ్చయ్య కనిపించాడు. పక్కనే 'కథ చదవలేదు' అని నా రాత. జిరాక్సులో ఎరుపు నల్లగా వచ్చింది, అంతే తేడా.

తర్వాత బైండు పుస్తకం తెరిచింది. అదే పాత పత్రిక, అదే కథ. చివరి పేజీ చక్కగా ఉంది. బోర్డు, బిళ్ళ, గుమ్మి, సైరన్, అన్నీ ఉన్నాయి. ఎక్కడా నూనె చుక్క లేదు.

"ఏడ దొరికిందే నీకు?"

"మన లైబ్రరీల. మూలకు ఇనుప బీరువ లేదా, గండ్ల."

"దాని తాళం పోయి ఎన్నేండ్లాయె గద?"

"తాళం పోయింది మేడం. వెనుక రేకు ఉన్నది గద, స్క్రూలు విప్పిన."

లైబ్రరీలో నేను కూర్చునే కుర్చీకి ఆ బీరువా ఇరవై అడుగుల దూరం. ఆ ఇరవై అడుగులు నేను ఎన్నడూ నడవలేదు.

ఆ క్షణంలో నిజం చెప్పాల్సింది. చెప్పలేదు. "రీవాల్యుయేషన్ పెట్టు" అన్నాను. "పెడితె మళ్ల గదే కీ పట్టుకొని దిద్దుతరు గద మేడం" అంది. నిజమే. "పుస్తకం ఇడిసిపెట్టు, నేను చూస్త" అన్నాను. నా మొహం వైపు కాసేపు చూసి, పుస్తకం అక్కడే పెట్టి వెళ్ళిపోయింది.

బాపు తీర్పు

సాయంత్రం వాకిట్లో బాపు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "బాపూ, ఒక కథకు రెండు ముగింపులున్నయ్. ఏది మంచిగున్నదో చెప్పు" అన్నాను. ముందు నాది చెప్పాను. గొంతులో కొంచెం వణుకు కూడా కలిపాను, గెలుస్తానేమో అని.

బాపు మధ్యలోనే చెయ్యి అడ్డం పెట్టాడు. "ఆగు బిడ్డా. కప్పు కూలినంక ఒక్కడు దిగిండా? ల్యాంపు ఎవడిచ్చిండు వానికి? ఇనుప మనిషిని భుజం మీద వేసుకున్నడా? ముసలోడా, క్రేనా?"

"నూనె కన్నీరు బాపూ..."

"నూనె కారితె ఫిట్టర్‌ను పిలుస్తరు. గిది రాసినోడు బాయి మొఖం సూసిండా?"

"వాని బాపు బాయిలనే పనిచేసిండట."

"అయితే ఇంక సిగ్గుచేటు" అన్నాడు బాపు.

రెండో ముగింపు చెప్పాను. బాపు నవ్వలేదు. లేచి లోపలికి వెళ్ళి, ట్రంకుపెట్టెలోంచి తన పాత ఇత్తడి బిళ్ళ తెచ్చాడు. దిగేటప్పుడు బోర్డుకు తగిలించి, పైకి వచ్చాక తీసుకోవాలి. నా చిన్నప్పుడు ఆయన షర్టు జేబులో అది గలగలమనేది. "బోర్డు మీద బిళ్ళ ఉన్నదంటే మనిషి లోపటున్నట్టే. ఎంత పెద్ద దొరైనా ఆపలేడు, మంది దిగాలె. బిళ్ళ లేకుంటె నువ్వు లోపట సచ్చినా లేనట్టే" అన్నాడు. "గా లచ్చయ్య మస్తు తెలివిగల్లోడు. దొంగముండకొడుకు" అన్నాడు మెచ్చుకోలుగా.

నేను బిళ్ళను చేతిలోకి తీసుకున్నాను. అరిగిపోయిన నంబరు మీద వేలు పెట్టాను. నా రాతకు సిగ్గేసింది. ఆ సిగ్గు కంటే రజితకు నేను చెప్పని మాట ఎక్కువ బాధపెట్టింది. పొద్దున్నే కరీంనగర్ బస్సెక్కాను.

బృందమంతా వచ్చింది

మూర్తి సార్ పుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు.

"మేడం, గైడ్ల వేరే ఉన్నది గదా?"

"గైడు తప్పు సార్."

"అట్లెట్ల? అనుభవజ్ఞులైన అధ్యాపక బృందం రాసిన గైడు అది. నేను దాన్ని చూసే కీ ఇచ్చిన. నాకు యాదికున్న కథ సుత గదే" అన్నాడు. ఆయనకు అలాంటి కథ యాదికుండే మార్గం లేదు. ఎందుకంటే నేను అది రాసి ఇంకా ఏడాది కాలేదు. "పాత పత్రికలల్ల అచ్చు తప్పులుంటయ్. ఒక పని చేయుండ్రి, ఆ బృందాన్ని పిలిపియ్యుండ్రి. వాళ్ళనే అడుగుదాం."

"పిలిచేదేం లేదు సార్. బృందమంతా పొద్దుగాల్ల బస్సెక్కి వచ్చింది. మీ ముందల కూసున్నది."

మూర్తి సార్ నా వెనక ఎవరైనా ఉన్నారేమో అని తలుపు వైపు చూశాడు. తర్వాత లేచి ఆ తలుపు మూశాడు.

"ఇంకెవలకన్న తెల్సా?"

"లేదు సార్."

"మరింకేం ఫికర్? ఆ పిల్లకు మోడరేషన్ కింద కొన్ని మార్కులు కలుపుతం. పాసైతది. మీ పేరు రాదు, నా పేరు రాదు. ఒక చాయ్ తాగి పోండ్రి."

చాయ్ తాగాను. ఆ చాయ్ తాగినంత సేపూ ఒప్పుకోవాలనే అనిపించింది, దాచను. పిల్ల పాసవుతుంది, సీటు వస్తుంది, నాకు రిటైర్మెంటుకు ఇంకొంచెమే ఉంది. ఎవరికి నష్టం? కప్పు కింద పెట్టేటప్పుడు సంచిలో ఉన్న బైండు పుస్తకం మోకాలికి తగిలింది.

"మార్కులు కలుపొద్దు సార్" అన్నాను. "కలిపితె ఆమె తప్పు రాసినా మనం దయ తలిచినట్టైతది. ఆమె రాసింది నిజం. నిజానికి మార్కులెయ్యుండ్రి. వచ్చే ఏటి పిల్లలు సుత మళ్ల నూనె చుక్కే రాస్తరు, మళ్ల ఎవడో కథ చదివినోడు ఫెయిలైతడు."

"మరి మిగిలిన పిల్లలు? అందరు మీదే రాసిండ్రు. అందర్ని ఫెయిల్ చేద్దమా?"

"వాళ్ళకూ వెయ్యుండ్రి సార్. నన్ను నమ్ముడు తప్ప వాళ్ళేం తప్పు చేసిండ్రు?"

తెల్ల కాగితం తీసుకుని, గైడు నేనే రాశానని, చివరి పేజీ చదవలేదని, ముగింపును కల్పించానని, ఆ పత్రానికి సున్నా వేసింది కూడా నేనేనని రాసి సంతకం పెట్టాను. మూర్తి సార్ చదివి తల గోక్కున్నాడు.

"'కల్పించాను' అని ఎందుకు మేడం? 'పొరపాటున' అని రాయరాదా?"

"పొరపాటున నూనె చుక్క రాలదు సార్."

ఆయనకు నవ్వొచ్చింది. దాంతో మెత్తబడ్డాడు. "నిజం చెప్పాలంటె నేను సుత చదువలే మేడం. పేరు మంచిగున్నదని సిలబస్‌ల పెట్టిన" అన్నాడు. ఆ ఒక్క మాటకు ఆయన మీద ఉన్న కోపమంతా పోయింది. ఇద్దరం ఆ గదిలోనే కథ మొదటి నుంచి చివరిదాకా చదివాం, చదువుతూ రెండోసారి చాయ్ తాగాం. సిలబస్ పెట్టినాయనా, గైడు రాసిన నేనూ, పరీక్షలైపోయాక పాఠం చదువుకున్నాం.

కీ మారింది. రజిత పత్రం మళ్ళీ దిద్దారు, ఆ ప్రశ్నకు పూర్తి మార్కులొచ్చాయి. నన్ను వాల్యుయేషన్ పనికి పిలవడం మానేశారు. రిటైరయ్యేదాకా నన్ను నా వెనక 'నూనె మేడం' అనేవాళ్ళు. శంకర్ గైడు మళ్ళీ అచ్చు వేశాడు. అసలు ముగింపు పెట్టాడు, 'అనుభవజ్ఞులైన' అనే మాట తీసేశాడు.

మెమో పట్టుకుని

కౌన్సెలింగు ముందురోజు రజిత మెమో పట్టుకుని వచ్చింది. గదిలో ముగ్గురు లెక్చరర్లు ఉన్నారు. ఉండనీ అనుకున్నాను. లేచి నిలబడ్డాను, చర్చిలో నిలబడినట్టు.

"రజితా, గా గైడు రాసింది నేనే. నీ పేపర్ల సున్నా వేసింది సుత నేనే. నువ్వు వచ్చిననాడే చెప్పాలె. ధైర్యం రాలే."

"తెల్సు మేడం."

"ఏం తెల్సు?"

"రెండూ. గైడ్ల పదకొండు తావుల 'ఇక్కడ రచయిత మన చెయ్యి పట్టుకుంటాడు' అని ఉన్నది. గట్ల ఇంకెవలు రాస్తరు? ఇగ పేపర్ మీద రాత మీదే. మూడేండ్లు సూసిన గద."

ముగ్గురు లెక్చరర్లూ ఒక్కసారిగా పుస్తకాల్లో తలలు దూర్చారు. భుజాలు మాత్రం అదురుతున్నాయి.

"మరి నన్ను అడగకపోయినవ్?"

"మీరే చెప్తరని సూసిన."

నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆ పది రోజులూ సీటు పోతుందన్న భయంతో ఉండి కూడా, నా కోసం ఆగింది ఈ పిల్ల. కోపం వచ్చింది, నా మీద రావాల్సినది దాని మీద వచ్చింది.

"తెలిసి తెలిసి పరీక్షల గదెందుకు రాసినవే? గైడ్ల ఉన్నది రాస్తె హాయిగ పాసైతుంటివి. సీటు పోయుంటె ఏంజేస్తుంటివి? జిరాక్సులు తీసుకుంట కూసుంటుంటివా?"

రజిత మెమోను మడిచి సంచిలో పెట్టుకుంది. మొదటిసారి తల వంచింది.

"మస్తు భయమైంది మేడం. హాలు టికెట్ మీద చెమట పడ్డది. కానీ అసలు కథ బీరువ లోపలనే ఉండె గద. లోపల ఎవ్వరు లేరని అందరు రాస్తుండ్రు. ఇగ ఎవలన్న దిగాలెనంటె... నా బిళ్ళ తగిలేసిన."

ఏడ్చాను. దాచుకోలేదు. ముప్పై ఏళ్ళు 'రచయిత చెయ్యి పట్టుకుంటాడు' అని చెప్పాను, ఒక కథ నిజంగా చెయ్యి పట్టుకున్న మనిషిని ఆరోజే చూశాను. ఆ పిల్ల కంగారుపడి మంచినీళ్ళ సీసా తీసి ఇచ్చింది. ఆ జవాబు పత్రం జిరాక్సు ఒకటి నాకిమ్మని అడిగి తీసుకున్నాను. 'కథ చదవలేదు' అని నా రాతలో ఉన్న కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. ఇంటికి వచ్చే కొత్త లెక్చరర్లకు చాయ్‌తో పాటు అది కూడా చూపిస్తాను.

సాయంత్రం బాపుకు అంతా చెప్పాను, మొదటి ముగింపు ఎవరిదో కూడా. ఆయన బిళ్ళను చేతిలో తిప్పుతూ కూర్చున్నాడు.

"మరి ఏడో నంబరు బయటికి వచ్చెనా బిడ్డా?" అని అడిగాడు.

"కథల చెప్పలే బాపూ. మంది దిగిండ్రు అన్నకాడికే ఆగిపోతది."

"ఆగితె ఆగనీ" అన్నాడు. "నువ్వైతె మళ్ల రాయకు."